పార్కులో జారుడుబల్ల పీకేసి ఓపెన్ జిమ్ పెట్టారు. పిల్లలు ఎక్కడ ఆడాలి?

కూకట్‌పల్లి_రమణి
మా కాలనీ పార్కులో ఒక ఇనప జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు ఉండేవి. తుప్పు పట్టాయని పీకేశారు. కొత్తవి వేస్తారు కాబోలు అనుకున్నాం. ఆ చోట టైల్స్ పరిచి పెద్దవాళ్ళకి ఓపెన్ జిమ్ పెట్టారు. మిగిలిన మూలలో "క్రికెట్ ఆడరాదు, సైకిల్ తొక్కరాదు, గడ్డి మీద నడవరాదు" అని బోర్డు. సాయంత్రం ఐదింటికి పార్కులో ఒక్క పిల్లాడు కనిపించడు. ఇదేంటని అడిగితే సెక్రటరీ గారు "ఈ రోజుల్లో ఎవరు ఆడుతున్నారమ్మా, అందరికీ ఫోన్లే కదా" అన్నారు. ఆడే చోటు తీసేసి, ఆడట్లేదంటే ఎలా? అసలు పిల్లలకని విడిగా చోటు ఉంచాలన్న పద్ధతి ఎక్కడ మొదలైంది? అది హక్కా, అసోసియేషన్ వారి దయా? మీటింగులో మాట్లాడాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

గోళీల_గోపాలం
మా రోజుల్లో జారుడుబల్ల ఎవడికి కావాలండీ. వీధే గ్రౌండు. ఏడు పెంకులాట, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి. చీకటి పడ్డాక అమ్మ కేకేస్తేనే ఇల్లు గుర్తొచ్చేది.

ఓల్డ్_మలక్‌పేట్
బిళ్ళంగోడు కాదు, చిర్రగోనె. ఆ వీధిలో ఇప్పుడు రెండు పక్కలా కార్లే. బిళ్ళ ఎగిరి ఎవరి అద్దానికైనా తగిలితే పోలీస్ స్టేషనే.

కాకినాడ_కాజా
"మా రోజుల్లో" అనే మాట రెండో పోస్టుకే వచ్చేసింది. ఈసారి రికార్డు 😀

చరిత్ర_పిచ్చోడు
రమణి గారి ప్రశ్నకి వద్దాం. వీధి చాలు అని గోపాలం గారు అంటున్నారు కదా, విడిగా గ్రౌండ్లు పుట్టిందే వీధి చాలక. 1885లో మేరీ జక్ర్‌జెవ్‌స్కా అనే డాక్టరమ్మ బెర్లిన్‌లో పార్కుల్లో ఇసుక కుప్పలు పోసి పిల్లల్ని ఆడనివ్వడం చూసి, బోస్టన్‌లో తనకు తెలిసిన మహిళా సంఘానికి ఉత్తరం రాసింది. వాళ్ళు నార్త్ ఎండ్‌లో, వలస వచ్చిన పేదలుండే పేటలో, ఒక చాపెల్ ఆవరణలో ఇసుక పోయించారు. అంతే. జారుడుబల్ల లేదు, ఉయ్యాల లేదు. ఇసుక, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఒకరిద్దరు ఆడవాళ్ళు.

న్యూయార్క్‌లో ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, కింద వీధిలో గుర్రబ్బళ్ళు. లిలియన్ వాల్డ్, చార్లెస్ స్టోవర్ లాంటివాళ్ళు 1898లో ఒక సంఘం పెట్టి, సొంత ఖర్చుతో గ్రౌండ్లు నడిపి చూపించి, నగరం మీద ఒత్తిడి తెచ్చారు. 1903లో సెవార్డ్ పార్కులో మున్సిపాలిటీ తన డబ్బుతో శాశ్వతమైన ఆటస్థలం కట్టింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది అంటారు. గమనించండి, ముందు పేటవాళ్ళు నడిపారు, సర్కారు తర్వాత వచ్చింది.

వాళ్ళ ఉద్దేశం మాత్రం పూర్తిగా పిల్లల సరదా కాదు. వలసవాళ్ళ పిల్లలు దొంగలు కాకుండా, క్రమశిక్షణ నేర్చి "మంచి అమెరికన్లు" కావాలని. అందుకే ఆ రోజుల్లో గ్రౌండులో ఆటతో పాటు ఒక టీచర్, ఒక విజిల్, ఒక టైంటేబుల్.

సందేహాల_రావు
బోస్టన్ ఇసుకకీ కూకట్‌పల్లి టైల్స్‌కీ ఏం సంబంధం సార్? ఆవిడకి మీటింగులో పనికొచ్చేది చెప్పండి.

న్యూజెర్సీ_నాన్న
రావు గారూ, పనికొచ్చేదే చెప్తా. 1956 ఏప్రిల్, న్యూయార్క్ సెంట్రల్ పార్క్. 67వ వీధి దగ్గర అర ఎకరం పచ్చిక, అక్కడ తల్లులు పిల్లల్ని ఆడించుకునేవారు. పక్కనే పేరున్న రెస్టారెంటు. దానికి కార్ల పార్కింగ్ పెంచాలని పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ నిర్ణయం. ఎవరినీ అడగలేదు. కొలతలు తీసేవాళ్ళు మర్చిపోయి వదిలేసిన ప్లాను కాగితం ఒక తల్లి కంట పడింది. బుల్‌డోజర్ వచ్చిన రోజు తల్లులు పసిపిల్లల తోపుడుబళ్ళతో అడ్డం నిలబడ్డారు. మోజెస్ ఊరుకోలేదు, వారం తర్వాత తెల్లవారకముందే కంచె వేయించి చెట్లు కొట్టించాడు. పొద్దున పేపర్లలో ఏడుస్తున్న తల్లుల ఫొటోలు. కోర్టు స్టే ఇచ్చింది. చివరికి వేసవిలో పార్కింగ్ మానుకుని, ఆ చోట పిల్లల ఆటస్థలమే కడతానన్నాడు, కట్టాడు.

ఈ మోజెస్ పిల్లల విరోధి కాదు, అదీ తమాషా. తన హయాంలో న్యూయార్క్‌కి 658 ఆటస్థలాలు కట్టించిన మనిషి. అన్నీ ఒకే అచ్చు: తారు నేల, ఇనప కంచె, ఉయ్యాల, జారుడుబల్ల, తూగుడుబల్ల. నల్లవాళ్ళుండే హార్లెంకి దక్కిన వాటా చాలా తక్కువన్న విమర్శ ఇప్పటికీ ఉంది. శిల్పి ఇసాము నొగుచి 1933లో ఒక బ్లాకంతా ఆడుకునే కొండలా కడదామని నమూనా చేసి పట్టుకెళ్తే నవ్వి పంపించేశాడు.

కాకినాడ_కాజా
రమణి గారూ, బుల్‌డోజర్ ముందు నిలబడక్కర్లేదు. ఓపెన్ జిమ్‌లో ఆ కాళ్ళూపే మెషీన్ మీద పది మంది పిల్లల్ని కూర్చోబెట్టండి, సెక్రటరీ గారే దిగొస్తారు.

కూకట్‌పల్లి_రమణి
@కాజా ఇప్పటికే ఎక్కుతున్నారు. ఒకడికి వేలు నలిగింది కూడా. దానికి "పిల్లలకు అనుమతి లేదు" అని ఇంకో బోర్డు పెట్టారు.

బ్లూప్రింట్_బాబ్జీ
బిల్డింగ్ ప్లాన్లు గీసే వాడిగా చెప్తున్నా. 2012 భవన నిబంధనలు, జీవో 168 చూడండి. గ్రూప్ హౌసింగ్ లాంటి వాటికి స్థలంలో కనీసం 10 శాతం ఖాళీగా వదిలి పచ్చదనానికో, టాట్‌లాట్‌కో వాడాలి అని ఉంది. టాట్‌లాట్ అంటే పసిపిల్లల ఆటస్థలం. ప్లానులో అందరూ రాస్తారు. ఒక మూల గుండ్రంగా గీసి "టాట్‌లాట్" అని పేరు పెడితే అయిపోయింది. కట్టేటప్పుడు అక్కడికి జనరేటర్ వస్తుంది, లేదంటే సంపు వస్తుంది, మరీ అదృష్టం బాగుంటే ఒక ప్లాస్టిక్ ఏనుగు వస్తుంది. మీది లేఅవుట్ కాలనీ అయితే సంగతి వేరు. లేఅవుట్ అనుమతి కాగితంలో ఆ స్థలం పార్కు అని ఉందా, పిల్లల ఆటస్థలం అని ఉందా, ముందు అది చూడండి. మంజూరైన ప్లాను కాపీ సమాచార హక్కు కింద తీసుకోవచ్చు.

నల్లకోటు
బాబ్జీ చెప్పింది కరెక్ట్. దానికి ఒక తీర్పు జోడిస్తా. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో లేఅవుట్ ప్రకారం పార్కుకని ఉంచిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశం మీద ఒక ప్రైవేటు ట్రస్టుకి నర్సింగ్ హోమ్ కోసం ఇచ్చారు. చుట్టుపక్కల కాపురముండేవాళ్ళు కోర్టుకెళ్ళారు. హైకోర్టులో సింగిల్ జడ్జి దగ్గర ఓడారు, డివిజన్ బెంచిలో గెలిచారు, 1991లో సుప్రీంకోర్టు కూడా వాళ్ళ వైపే నిలిచింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప కేసు. పార్కులూ ఆటస్థలాలూ జనం బతుక్కి అవసరమైనవి, వాటిని వేరే పనికి మళ్ళించే అధికారం అధికారులకి లేదు, ఆ పేటవాళ్ళకి ప్రశ్నించే హక్కు ఉంది, క్లుప్తంగా ఇదీ సారం. కానీ జారుడుబల్ల తీసి ఓపెన్ జిమ్ పెడితే పార్కు పార్కుగానే ఉన్నట్టు లెక్క. కోర్టు దాకా వెళ్ళే కేసు కాదు. మీటింగులో తేలాల్సిందే.

పీఈటీ_మాస్టారు
స్కూలు గ్రౌండు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మన దగ్గర పిల్లలకు ఆటస్థలం అంటే బడి గ్రౌండే. వై.ఎం.సి.ఏ. తరఫున వచ్చిన హ్యారీ బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటికీ డ్రిల్ మాస్టార్లు తయారైంది అక్కడే, మన కోస్తా, సీమ జిల్లాలతో సహా. బడికి గ్రౌండు, గ్రౌండుకి ఒక మాస్టారు అన్న అలవాటు అలా పాకింది. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్లోనూ బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. ఇప్పుడు బడులు ఎక్కడున్నాయి? అపార్టుమెంటు మూడో అంతస్తులో, కింద సూపర్‌మార్కెట్. గేమ్స్ పీరియడ్‌లో పిల్లల్ని సెల్లార్లో నిలబెట్టి చేతులు ఊపిస్తారు. నేను రిటైరయ్యే ముందు పనిచేసిన చోటా అంతే, పేరు చెప్పను.

ఆరో_క్లాసు_బెంచి
మాస్టారూ, మా బడిలో ఇనప గొట్టాల గళ్ళ గూడు ఒకటి ఉండేది, జంగిల్ జిమ్. అది ఎవరు కనిపెట్టారో తెలుసా?

చరిత్ర_పిచ్చోడు
@ఆరో_క్లాసు_బెంచి ఆ కథ భలే ఉంటుంది. ఛార్లెస్ హోవర్డ్ హింటన్ అనే లెక్కల మాస్టారు, పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకో నాలుగో పరిమాణం మీద పిచ్చి ఉన్న మనిషి, కొన్నాళ్ళు జపాన్‌లో పనిచేశాడు. తన పిల్లలకి మూడు దిక్కుల లెక్క ఒంటికి పట్టాలని ఇంటి దగ్గర వెదురు గడలతో గళ్ళ చట్రం కట్టించాడు. ఆయన అంకెలు అరుస్తాడు, పిల్లలు పరుగున ఎక్కి ఆ గడికి చేరాలి. పిల్లలకి లెక్క ఎక్కిందో లేదో గానీ కోతికొమ్మచ్చి బాగా వచ్చింది. ఆయన కొడుకు సెబాస్టియన్ పెద్దయ్యాక షికాగో దగ్గర విన్నెట్కాలో పేటెంట్ లాయరు. ఒక విందులో ఆ చిన్ననాటి చట్రం సంగతి చెబితే, అక్కడి బడుల సూపరింటెండెంట్ వాష్‌బర్న్ మాకొకటి కట్టివ్వమన్నాడు. 1920లో కట్టారు, 1923లో పేటెంట్ వచ్చింది. ఆ రోజుల్లో బడిలో కట్టిన పాతదొకటి ఇప్పటికీ విన్నెట్కాలో అక్కడి చరిత్ర సంఘం ఆవరణలో ఉంది.

గోళీల_గోపాలం
మాకు ఆ చట్రం పేరు మామిడిచెట్టు. పేటెంట్ లేదు, తోటమాలి ఉన్నాడు.

ఎముకల_డాక్టర్
ఆ మామిడిచెట్టు తాలూకు మోచేతులు కట్టింది మా గురువులు 🙂 పిల్లలు చెయ్యి ఆనించి పడితే మోచేతికి కాస్త పైన విరుగుతుంది, మేం రోజూ చూసేదే. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఎలాంటి నేల మీద పడ్డాడు, ఈ రెండూ ముఖ్యం. సిమెంటు మీద జారుడుబల్ల బిగించడం మన దగ్గర కనిపించే తప్పు. పరికరం మీద లక్షలు పెడతారు, కింద నేల గురించి ఆలోచించరు. పాతది తీసేసినందుకు నేను ఏడవను. తుప్పు పట్టిన అంచు పిల్లాడి తొడ కోసేస్తే కుట్లు వేసేది నేనే.

న్యూజెర్సీ_నాన్న
డాక్టర్ గారూ, అదే దారిలో వెళ్ళి ఇక్కడ మరీ అతి అయింది. 1978లో షికాగోలో పొడవైన జారుడుబల్ల మీంచి పసివాడు పడి తలకి దెబ్బ తగిలితే కేసు ఏళ్ళ తరబడి నడిచి భారీ పరిహారంతో ముగిసింది. 1981లో ఫెడరల్ భద్రతా సంస్థ ఆటస్థలాల కోసం మార్గదర్శకాలు వేసింది. ఆ భయంతో ఊళ్ళన్నీ ఎత్తయినవన్నీ పీకేశాయి. ఇప్పుడు ప్రతి పార్కులో అదే రంగుల ప్లాస్టిక్ సెట్టు, కింద రబ్బరు. మా వాడికి ఎనిమిదేళ్ళు, జారుడుబల్ల వాడి నడుమంత ఎత్తు. ఎక్కడు, కింద కూర్చుని చీమలతో ఆడతాడు.

సీమ_ఎండ
రబ్బరు అన్నారు కాబట్టి చెప్తున్నా. కడపలో మా అక్క వాళ్ళ అపార్టుమెంట్లో నల్ల రబ్బరు టైల్స్ వేశారు. ఏప్రిల్లో సాయంత్రం ఆరింటికి కూడా చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. టైల్స్ జాయింట్ల దగ్గర ఉబ్బి, అంచులు లేచి, పిల్లలు తట్టుకుని పడుతున్నారు. జారుడుబల్ల స్టీలుది, దాని సంగతి చెప్పక్కర్లేదు. పిల్లలంతా కిందికి దిగేది రాత్రి ఎనిమిదికి. అప్పటికి వాచ్‌మన్ లైటు ఆపేస్తాడు. మన ఊళ్ళకి కావాల్సింది ఒక వేపచెట్టు, ఒక లైటు. మిగతాది తర్వాత.

ఎముకల_డాక్టర్
@సీమ_ఎండ దీనికి నా ఓటు. ఇసుకైతే కాలదు అనను, నీడలో ఉంటే కాలదు. లోతుగా పోసి అప్పుడప్పుడూ గుల్ల చేస్తే పడ్డా దెబ్బ తగ్గుతుంది.

ఆమ్‌స్టెల్‌వీన్_అనిత
ఇసుక మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆమ్‌స్టర్‌డామ్‌లో పిల్లలకి చోటు లేదు. నగర పాలక సంస్థలో ప్లానింగ్ చూసే యాకోబా ముల్డర్, 1947లో కుర్ర ఆర్కిటెక్ట్ అల్డో వాన్ ఐక్ చేత బెర్టెల్‌మాన్‌ప్లెయిన్ అనే చిన్న కూడలిలో ఆటస్థలం గీయించింది. వెడల్పాటి సిమెంటు గట్టుతో ఇసుక గుంత, దూకడానికి గుండ్రటి రాళ్ళు, పల్టీలు కొట్టడానికి వంచిన ఇనప కమ్మీలు. ఏనుగు లేదు, జిరాఫీ లేదు. కంచె కూడా లేదు. అది చూసి పక్క వీధివాళ్ళు మాకూ కావాలని మున్సిపాలిటీకి ఉత్తరాలు రాయడం మొదలెట్టారు. అలా అడిగిన చోటల్లా, కూలిన ఇళ్ళ ఖాళీ జాగాల్లో కూడా, 1978 దాకా 700కి పైగా వచ్చాయి. ఇప్పుడు మిగిలినవి కొన్నే.

నాకు నచ్చింది ఆ గట్టు. సరిగ్గా మనిషి కూర్చునే ఎత్తు. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు భాష రాదు, ఎవరూ తెలియదు. పాప ఇసుకలో, నేను గట్టు మీద. పక్కన మొరాకో ఆవిడ, ఇంకో పక్క ఒక డచ్చి తాతగారు. పాప వాళ్ళ మనవడి బకెట్ లాక్కుంటే మాటలు మొదలయ్యాయి. మీ ఓపెన్ జిమ్ దగ్గర పెద్దవాళ్ళు అటు తిరిగి తొక్కుతుంటారు, పిల్లలు ఇటు. ఇద్దరినీ కలిపేలా ఒక గట్టు కట్టమని అడగండి రమణి గారూ.

సందేహాల_రావు
కంచె లేకుండా మన దగ్గర ఇసుక పోస్తే తెల్లారేసరికి ఎవరో ఇంటి రిపేరుకి మోసుకుపోతారు.

బ్లూప్రింట్_బాబ్జీ
@రావు ఆ ఎవరో తరచుగా అసోసియేషన్ ట్రెజరరే.

పాత_ఇనుము_కొంటాం
డెన్మార్క్ వాళ్ళది ఇంకా ముదురు. సోరెన్‌సెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చూశాడట, తను శ్రమపడి కట్టిన గ్రౌండ్లకన్నా పిల్లలు కట్టుబడి జరిగే చోట చెత్తలోనే ఎక్కువ ఆడుతున్నారని. 1943లో, జర్మన్లు దేశాన్ని ఆక్రమించి ఉన్న రోజుల్లో, కోపెన్‌హాగన్ శివారు ఎంద్రుప్‌లో కార్మికుల ఇళ్ళ మధ్య ఒక ఖాళీ స్థలం ఇచ్చి, పాత చెక్కలు, ఇటుకలు, సుత్తులు, పారలు పెట్టారు. చుట్టూ మట్టి కట్ట, చూసేవాళ్ళకి చెత్త కనబడకుండా. జాన్ బెర్టెల్‌సెన్ అనే ఒక పెద్దమనిషి అక్కడే ఉంటాడు, ఆట నేర్పడు, అడిగితే సాయం చేస్తాడు. 1946లో లేడీ అలెన్ అనే ఇంగ్లీషావిడ చూసి, లండన్‌లో బాంబులు పడి కూలిన స్థలాల్లో అలాంటివి పెట్టించింది. "మనసు విరగడం కన్నా ఎముక విరగడం మేలు" అన్నది ఆవిడే. డాక్టర్ గారు క్షమించాలి.

ఎముకల_డాక్టర్
క్షమించాను. ఫీజు మాత్రం తగ్గదు.

కాకినాడ_కాజా
పిల్లలకి సుత్తులు ఇస్తే మా అపార్టుమెంట్లో మొదట పగిలేది నోటీసు బోర్డు.

రెండుజడల_సీత
ఇంతసేపు అందరూ "పిల్లలు" అంటున్నారు. మీ పార్కులో పదకొండేళ్ళు దాటిన ఆడపిల్ల ఎక్కడైనా ఉందా? మా కాలనీలో గ్రౌండ్ ఉంది, బ్రహ్మాండంగా ఉంది. మధ్యలో మగపిల్లల క్రికెట్, చుట్టూ అంకుల్స్ వాకింగ్. ఆడపిల్లలు గోడ పక్కన నిలబడి మాట్లాడుకుంటే "ఇక్కడేం పని" అంటారు. వియన్నాలో 1990ల్లో దీని మీద అధ్యయనం చేశారు. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కుల్లోంచి మాయమవుతున్నారని తేలింది. 1999లో రెండు పార్కుల్ని మార్చి కట్టారు. ఒకే పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కి చోటిచ్చారు, గుంపుగా కూర్చునేందుకు అరుగులు వేశారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. రమణి గారూ, మీటింగులో ఇది కూడా పెట్టండి.

పీఈటీ_మాస్టారు
సీత చెప్పింది నిజం. బడిలోనూ అంతే. ఖోఖో కోర్టు గీసి ఉన్నన్నాళ్ళు ఆడపిల్లలు గ్రౌండులో ఉంటారు. గీత చెరిగితే మగపిల్లలు వికెట్లు పాతేస్తారు.

మియాపూర్_మణి
ఇంకో మాట. మా గేటెడ్ కమ్యూనిటీలో ప్లే ఏరియా అద్దంలా ఉంటుంది. మా ఇంట్లో పనిచేసే లక్ష్మక్క కొడుకు సెలవుల్లో తల్లితో వస్తాడు. వాడు ఉయ్యాల ఎక్కితే వాచ్‌మన్ దింపేశాడు, "ఓనర్స్ కిడ్స్ ఓన్లీ". మా అమ్మాయి ఆ ఉయ్యాల గొలుసు పట్టుకుని దిగనని కూర్చుంది, వాడు ఎక్కితేనే దిగుతానంది. వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు రచ్చ.

సందేహాల_రావు
మెయింటెనెన్స్ కట్టేవాళ్ళకే కదా సౌకర్యం. రేపు బయటివాళ్ళందరూ వస్తే ఎవరు చూస్తారు? ఉయ్యాల విరిగితే ఖర్చెవరిది?

మియాపూర్_మణి
ఏడేళ్ళ పిల్లాడు ఊగితే ఉయ్యాల విరగదు రావు గారూ. పైగా ఆ టాట్‌లాట్ తుడిచేది వాళ్ళమ్మే.

చరిత్ర_పిచ్చోడు
పైన బోస్టన్‌తో ఏం సంబంధం అన్నారు కదా. గదిలో చోటు లేని పిల్లల కోసం మొదలైంది ఇది. ఇప్పుడు మూడు బెడ్రూములు ఉన్నవాళ్ళ పిల్లలకే పరిమితమైంది. కట్టలేనివాళ్ళకి మిగిలేది మున్సిపల్ పార్కు, దాన్నీ వాకింగ్ ట్రాక్ చేస్తున్నారు.

సందేహాల_రావు
నేను వాకింగ్ చేసేవాణ్ణే. షుగర్ ఉంది. పెద్దవాళ్ళకీ చోటు కావాలి. పొద్దున మాది, సాయంత్రం పిల్లలది అంటే నాకు అభ్యంతరం లేదు.

కూకట్‌పల్లి_రమణి
రావు గారి నోటి నుంచి ఈ మాట రావడమే పెద్ద విషయం 🙏 చాలా పనికొచ్చింది అందరికీ. మంజూరైన ప్లాను కోసం దరఖాస్తు పెడుతున్నా. మీటింగులో అడిగేవి: వేపచెట్టు కింద ఇసుక గుంత, చుట్టూ కూర్చునే గట్టు, తొమ్మిదిన్నర దాకా లైటు, ఒక పక్క బ్యాడ్మింటన్ గీతలు. క్రికెట్ బోర్డు తీసేయమని కూడా అంటా గానీ అది పోట్లాటే. ఇసుకలో పిల్లులు పాడు చేస్తాయని మా పక్కింటావిడ ఇప్పుడే అడ్డుపుల్ల వేసింది. దీనికి ఏం చెప్పాలి?

ఆమ్‌స్టెల్‌వీన్_అనిత
ఇక్కడ బడుల్లో రాత్రికి వల కప్పుతారు. సన్న గళ్ళది, అంచులకి బరువు ఉండేది. పొద్దున తీసేస్తారు.

బ్లూప్రింట్_బాబ్జీ
చేపల వల పనికిరాదు, పిల్లి గోళ్ళు ఇరుక్కుంటాయి. నర్సరీల్లో నీడకి కట్టే గ్రీన్ నెట్ తీసుకోండి. ఇసుక కింద కంకర పొర వేసి నీరు పోయే దారి పెట్టించండి, లేదంటే మొదటి వానకే చెరువు. గట్టు అడుగున్నర ఎత్తు చాలు, పైన అంచు గుండ్రంగా రుద్దించండి, మోకాళ్ళకి తగిలేది అదే.

కాకినాడ_కాజా
నెట్ రోజూ కప్పేది ఎవరో కూడా మీటింగులోనే రాయించుకోండి. ట్రెజరర్ గారికి మాత్రం ఇవ్వకండి.